ఇల్లు అమ్మితే కదా ఆ ధర!

"మీకేం, అక్కడ పన్నుల్లేవు!" ఊరెళ్ళిన ప్రతిసారీ ఈ మాట వినాల్సిందే. జీతం మీద లేవు, నిజమే. మరి ఇంటి మీద? అబుదాబిలో అద్దెకుండే ప్రవాసులకి 2016లో మునిసిపల్ రుసుము పెట్టారు, ఏడాది అద్దెలో 3 శాతంతో మొదలు. నేను పనిచేసే ఐకాడ్ నుంచి కార్లో దుబాయ్ వెళ్తే అక్కడ అద్దెలో 5 శాతం. రెండు చోట్లా కరెంటు బిల్లులో కలిసొస్తుంది. పేరు రుసుము, పని పన్నుదే. కానీ లెక్క సూటిగా ఉంటుంది: అద్దెని బట్టి.

ఇప్పుడు మన దగ్గరకి రండి. హైదరాబాదులో ఇంటిపన్ను అద్దె విలువ మీదే. ఏరియాని, కట్టడాన్ని బట్టి చదరపు అడుక్కి ఇంత అద్దె అని వాళ్ళే లెక్కేస్తారు. ఆంధ్రా పట్టణాల్లోనూ అంతే ఉండేది. 2020లో చట్టం మార్చి, 2021 ఏప్రిల్ నుంచి మూలధన విలువ అన్నారు. అంటే రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో మీ ఇల్లూ స్థలం ధర ఎంతో, దాంట్లో 0.10 నుంచి 0.50 శాతం. 375 చదరపు అడుగుల లోపు ఇంటికి మాత్రం 50 రూపాయలు.

నా గొడవంతా ఇక్కడే. చుట్టూ వెంచర్లొచ్చి మా నాన్న ఉంటున్న స్థలం ధర పెరిగింది. ఆయన పెన్షన్ ఆ వేగంతో పెరగలేదు. ఆ ధర చేతికి రావాలంటే ఇల్లమ్మాలి. అమ్మితే ఉండేదెక్కడ?

"ఏటా 15 శాతానికి మించి పెంచమన్నారుగా" అంటాడు మా ఫ్రెండు. సాఫ్ట్‌వేర్ వాడే, చక్రవడ్డీ మర్చిపోయాడు. ఏటా ఆ 15 శాతం పెంచుకుంటూ పోతే వెయ్యి కట్టేవాడు అయిదేళ్ళకి రెండువేల పదకొండు కడతాడు!

రోడ్లేస్తేనే కదా ధర పెరిగింది, వాటా అడగరా అంటారా? అడగాలి. అమ్మిన రోజు అడగండి. రిజిస్ట్రేషన్‌లో ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఉన్నది స్థానిక సంస్థల కోసమే. అమ్మకుండా కాపురం ఉంటున్నవాడికి మాత్రం పాత అద్దె లెక్కే న్యాయం.

"నువ్వు డబ్బు పంపితే పోయేదానికి ఇంత గోలెందుకు?" అని కూడా అన్నారు. పంపుతూనే ఉన్నానండీ. పంపే కొడుకు లేని ఇల్లు కూడా అదే వీధిలో ఉంది. దాని స్థలం ధరా పెరిగింది.