"ఓర్చుకో" అనే మందు

"నడుంలో సూది కదా, మత్తు దిగడానికి టైం పడుతుంది, ఓర్చుకోమ్మా." సిజేరియన్ వార్డుల్లో ఎప్పుడూ వినిపించే మాటే ఇది. చాలాసార్లు నిజం కూడా. నిజం కానప్పుడు దాని ఖరీదు రెండు కాళ్ళు.

వెన్నులో సూది గుచ్చినప్పుడో, ఎపిడ్యూరల్ గొట్టం తీసినప్పుడో రక్తనాళం చిట్లి లోపల రక్తం గడ్డకట్టవచ్చు. చుట్టూ ఎముక, సాగదు. గడ్డ నరాలను నొక్కేస్తుంది. ఇది చాలా అరుదు, బాలింతల్లో మరీ అరుదు. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకీ, కాన్పు సమయపు బీపీతో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవాళ్ళకీ ప్రమాదం ఎక్కువ. తగ్గిన తిమ్మిరి మళ్ళీ రావడం, కాళ్ళు కదలకపోవడం, నడుంలో తీవ్రమైన నొప్పి దాని గుర్తులు. వెంటనే ఎమ్మారై తీసి, కాళ్ళు పడిపోయిన 8 గంటల్లోపు ఆపరేషన్ చేస్తే కోలుకునే అవకాశం ఎక్కువ. ఆ గంటల్నే "ఓర్చుకో" మింగేస్తుంది.

1997 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్.డి.ఎ. ఎనాక్సపారిన్ లాంటి మందుల విషయంలో ఇదే ప్రమాదం గురించి హెచ్చరించింది. బాధితుల్లో ఎక్కువమంది ఎముకల ఆపరేషన్లు చేయించుకున్న వృద్ధ స్త్రీలు. యూరప్‌లో రోజుకొకసారి 40 మిల్లీగ్రాములిచ్చే మందును అక్కడ 12 గంటలకోసారి 30 చొప్పున ఇచ్చేవారు. ఆడవాళ్ళ ఒళ్ళు బలహీనమని సరిపెట్టుకుందామా, మోతాదునూ వేళలనూ ప్రశ్నిద్దామా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. అంటే ఇంతమంది వెన్నుకు సంబంధించిన ప్రశ్న ఇది.

సూదిని దోషిగా నిలబెట్టడం లేదు. సిజేరియన్‌కి పూర్తి మత్తుకన్నా వెన్ను మత్తే సాధారణంగా క్షేమం. కాన్పయ్యాక వచ్చే ప్రతి నడుంనొప్పినీ దాని మీదికి నెట్టడం తప్పే. మన తగువంతా సూది వేశాక ఆమె చెప్పేది ఎవరూ వినకపోవడంతోనే.

స్త్రీ మత్తులో ఉండగా, ప్రాణాపాయమేమీ లేనప్పుడు, తల్లి దగ్గర తీసుకున్న అనుమతి చెల్లదని సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. అయినా ఎన్నో ఆస్పత్రుల్లో ఇప్పటికీ ముందు భర్త సంతకమే అడుగుతారు. వెన్ను ఆమెది, సంతకం అతనిది!

మనం అడిగేవి ఖరీదైనవేమీ కావు. సూదికి ముందు ఏ మందులు వాడుతోందో ఆమెనే అడగండి. ఆపరేషనయ్యాక కాలు ఎత్తమని చెప్పి చూసి, ఎన్ని గంటలకు ఎత్తిందో కేస్‌షీట్లో రాయండి. మళ్ళీ తిమ్మిరెక్కితే వెంటనే పిలవమని ఆమెకు తెలుగులో చెప్పండి. ఆమె పిలిస్తే, అర్ధరాత్రయినా సరే, డాక్టరు రావాలి.