చిరునామా చూసి తీర్పు

పరిశోధన పత్రికకు వచ్చిన వ్యాసాన్ని సమీక్షకులు పద్ధతినీ ఆధారాలనూ చూసి తూచాలి. రాసినవారి దేశం కూడా ఆ తూకంలో చేరుతోంది. 1998లో అమెరికా వైద్య పత్రిక 'జామా'లో వచ్చిన ఒక అధ్యయనంలో, అమెరికా సమీక్షకులు తమ దేశపు వ్యాసాలకే ఎక్కువ మొగ్గు చూపినట్టు తేలింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సదస్సుకు పంపిన సంగ్రహాల మీద పేర్లు, సంస్థలు కనిపించకుండా చేశాక అమెరికా రచయితలకు ఉన్న ఆధిక్యం తగ్గిందని 2006లో అదే పత్రిక ప్రచురించింది. హైదరాబాద్ పంజగుట్టలోని నిమ్స్ వైద్యసంస్థ నుంచి వెళ్లే వ్యాసానికి ఇది చిన్న విషయం కాదు.

ఆ పక్కనే ఉన్న బేగంపేటలో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. డిసెంబరులో ఆ సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మనిషి మలేరియా క్రిమి అనాఫిలిస్ దోమలో పెరిగే తీరును మరుసటి ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. ఘనత ఎవరిదన్న తగాదా ఏళ్ల తరబడి సాగింది. దేశాభిమానాలు దాన్ని రాజేశాయి. 1902 నోబెల్ రాస్ ఒక్కడికే దక్కింది. ఈ కథలో బేగంపేట ప్రయోగస్థలంగానే మిగిలిపోయింది.

అలాగని మన దేశపు పత్రికలకు సత్తా లేదనడం సరికాదు. నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ మీద షార్ట్ అనే పరిశోధకుడు, అతని సహచరులు రాసిన వ్యాసం 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వచ్చింది. ఆ జబ్బు మీద రాసేవారు నేటికీ దాన్ని ఉటంకిస్తారు. జబ్బు ఇక్కడిది, పత్రికా ఇక్కడిదే, లోకం చదివింది.

తర్వాతి కాలంలో పరిశోధకుల పదోన్నతులు పత్రికల సూచిక అయిన స్కోపస్ లెక్కలకు, ఉటంకింపులతో పత్రిక స్థాయిని కొలిచే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌కు ముడిపడ్డాయి. విదేశీ పత్రికల తలుపు ఇరుకైనచోట, ప్రచురణల సంఖ్య తప్పనిసరి అయినచోట, డబ్బు పుచ్చుకుని అచ్చేసే దుకాణాలు పుట్టుకొచ్చాయి. రచయితలను తప్పుదోవ పట్టించిందన్న కేసులో హైదరాబాద్‌కు చెందిన ఒమిక్స్ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది. ఇలాంటి తీర్పు నగరం చిరునామా మీదే అనుమానం తెస్తుంది. ఆ భారం మోసేది నిజాయితీగా పనిచేసే పరిశోధకులు. ఇది బాధాకరం.

2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మూడేళ్లకు రూ.6,000 కోట్లతో 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థల పత్రికలను విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. చదవడానికి అది గొప్ప మేలే. అయితే స్వదేశీ పత్రికల్లో పూర్తికాలపు సంపాదకులను నియమించడానికి, సమీక్షకులకు పారితోషికం ఇవ్వడానికి, పేర్లు దాచి సమీక్ష జరిపించడానికి కూడా నిధులు కావాలి. అలా నడిచే పత్రికలోని వ్యాసాన్ని పదోన్నతిలో విదేశీ వ్యాసంతో సమానంగా లెక్కించే నిర్ణయం మాత్రం విశ్వవిద్యాలయాల చేతిలోనే ఉంది.