నేలకు దించిన కారు

చక్రమునకును మడ్‌గార్డు అంచునకును నడుమ నాలుగు వ్రేళ్లు దూరునంత ఖాళీ కనిపించినచో, క్రొత్తగా కారు కొన్న యువకునకు ఈ దినములలో నిద్రపట్టదు. కంపెనీ స్ప్రింగులను విప్పించి, వానికంటె పొట్టివియు గట్టివియునైన లోయరింగ్ స్ప్రింగులను బిగింపించుకొని, కారు 30 మిల్లీమీటర్లు క్రుంగినంతనే అది చూపులకే గాక నడకకును పందెపు కారైనదని అతడు సంతసించును. చూపుల మాటకు నేను అడ్డుపడను. క్రుంగిన కారు అందముగనే యుండును. నడక మాటయే విచారింపదగినది.

కంపెనీ ఇంజనీరు స్ప్రింగును ఒక్కదానినే ఎన్నుకొనడు. కారు ఖాళీగా నున్నప్పటి బరువెంత, ఐదుగురెక్కి డిక్కీ నింపినప్పటి బరువెంత, చక్రము పైకి లేచుటకు చోటెంత, స్ప్రింగు ఊగులాటను షాకబ్జార్బరు ఎంతలో అణచవలయును అను వానినన్నింటిని కలిపి తూచిన పిమ్మటనే ఆ స్ప్రింగు నిర్ణయమగును. రోల్స్‌రాయిస్ నుండి అమెరికాలోని కాడిలాక్ సంస్థకు పోయిన మారిస్ ఓలీ అను ఇంజనీరు, గతుకును మొదట దాటునవి ముందు చక్రములు గనుక, వెనుకభాగము కొంచెము వడిగా ఊగి ముందుభాగము నందుకొన్నచో కారు తలయూచుట మానునని 1930 దశాబ్దమున నిరూపించెను. ముందు వెనుక స్ప్రింగులకు గల ఈ పొందికను గమనింపక, నాలుగింటిని కేవలము ఎత్తు చూచి మార్చువాడు ఎంత పనిని చెరుపుచున్నాడో ఎరుగడు.

లెక్క చూతము. రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించిన నియమము ననుసరించి స్ప్రింగు బలము నొక్కుడు కొలది పెరుగును. అది తనలో ఇముడ్చుకొను శక్తి మాత్రము నొక్కుడు యొక్క వర్గమును బట్టి పెరుగును. నిలిచియున్న కారులో చక్రము పైకి పోవుటకు 80 మిల్లీమీటర్ల చోటున్నదనుకొందము. కారును 30 దించినచో మిగులునది 50. మొదటిదాని వర్గము 6400, రెండవదాని వర్గము 2500. అనగా మునుపటి గుంత దెబ్బనే ఈ మిగిలిన చోటులో స్ప్రింగు తానొక్కటియే మ్రింగవలెనన్నచో, అది రెండున్నర రెట్లు గట్టిదై యుండవలయును. అంత గట్టి స్ప్రింగుపై ఎవరును ఊరిలో తిరుగలేరు గనుక, అంగడిలో అమ్మునవి పాతవానికంటె ఏ నాలుగవవంతో, మూడవవంతో మాత్రమే గట్టివి. తక్కిన దెబ్బ బంప్ స్టాప్ అను రబ్బరు ముద్దకును, అటుపిమ్మట బాడీకిని, తుదకు మన వెన్నెముకకును చేరును. మెత్తని స్ప్రింగుకై తయారైన పాత షాకబ్జార్బరు ఈ గట్టిదాని తిరుగుబాటును అణచలేక త్వరగా అరుగును.

ఇక స్పీడ్ బ్రేకరు. దానిని 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, 17 మీటర్ల వ్యాసార్ధము గల వంపుగా కట్టుడని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకములు చెప్పును. అట్టిదానిపై ముందు వెనుక చక్రములు రెండును ఎక్కియే యుండును గనుక, రెండున్నర మీటర్ల చక్రాంతరము గల కారు పొట్టక్రింద తరుగు ఎడము 4.5 సెంటీమీటర్లకు ఇంచుమించు మాత్రమే. కాలనీవారు రాత్రికి రాత్రి సిమెంటుతో పోయించు సన్నని గట్టుకు ఈ శాస్త్రము పట్టదు. అది చక్రముల నడుమకు వచ్చినప్పుడు దాని 10 సెంటీమీటర్లును పొట్టక్రిందనే నిలుచును. మన చిన్నకార్లు, సెడాన్లు అనేకము నేలకు 165 మిల్లీమీటర్లకు అటునిటుగా నుండును. గట్టి స్ప్రింగులపైనను జనమెక్కి సామాను పెట్టినచో అందొక 40 పోవుననుకొనుడు. దించుటవలన మరి 30 పోవును. మిగిలినది 95, గట్టు 100. ఆ 5 మిల్లీమీటర్ల బాకీని ఆయిల్ సంపు చెల్లించును. కంపెనీ స్ప్రింగులతో నున్న కారు అదే గట్టును అదే బరువుతో, మరికొంత క్రుంగినను, తగులకయే దాటిపోవును.

ఐనను దించుటయందు గుణమే లేదనుట అన్యాయము. గరిమనాభి దిగినకొలది మలుపులో బరువు ఒకవైపునకు మరలుట తగ్గును. కాని 550 మిల్లీమీటర్ల ఎత్తునున్న నాభి 30 దిగినచో తగ్గునది ఇంచుమించు పదునెనిమిదింట ఒక వంతు మాత్రమే. అంతేగాక, మన కార్లలో అత్యధికమునకు ముందువైపున నున్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. కారును దించినచో దాని క్రిందిచేయి వాలు తప్పును, బాడీ ఏ కేంద్రమునుబట్టి ఒరుగునో అది గరిమనాభికంటె వేగముగా దిగజారును, ఒరగదీయు మీట పొడుగగును. గట్టి స్ప్రింగువలన వచ్చిన లాభములో కొంత ఈ నష్టమును పూడ్చుటకే సరిపోవును. క్యాంబరు అను చక్రపు వాలు మారి టైరు లోపలి అంచు అరుగుట అందరెరిగినదే. అలైన్‌మెంటు చేయింపనివాడు ఆ సంగతి టైర్ల దుకాణములో తెలిసికొనును.

1951లో స్థాపితమైన ఐబాక్ వంటి జర్మనీ సంస్థలు ఈ స్ప్రింగులకు పేరుపొందినవి. అచ్చట నున్నని రహదారియు కలదు, మార్పును ధ్రువపత్రముతో పరీక్షింపించుకొను కట్టుబాటును కలదు. మనదేశమునకు పంపునప్పుడు పెక్కు కారు కంపెనీలు అచ్చటి కార్లనే ఎత్తు పెంచి పంపుచుండగా, ఆ పెంపును డబ్బిచ్చి మరల తీయించుకొనుట విచిత్రము. పైగా, తయారీదారు నిర్దేశమునకు భిన్నముగా, నమోదు పత్రములోని వివరములు మారునట్లు వాహనమును మార్పరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పును.

వీనియన్నిటికంటె హీనమైనది కొన్ని షెడ్లలో జరుగు కోత. కంపెనీ స్ప్రింగునే ఒక చుట్టు కోసి మరల బిగించుటచే దాని కొన పీటపై సరిగా కూర్చుండదు. గ్యాసుమంటతో కాచి క్రుంగదీసినచో ఉక్కు పదునే పోవును.

మలుపులలో కారు ఒరుగుట సహింపలేనివారు మొదట మంచి టైర్లకును, పిదప మంచి షాకబ్జార్బర్లకును డబ్బు పెట్టుట మేలు. చెన్నై చెంత ఇరుంగాట్టుకోట్టైలోనో, కోయంబత్తూరులోని కరి ట్రాకుపైనో నడపువారు దించుకొనవచ్చును, తగిన షాకబ్జార్బర్లను జతచేసి మరీ దించుకొనవచ్చును. ఆ కారులో మాత్రము సంక్రాంతికి ఇంటిల్లిపాదిని ఎక్కించుకొని ఊరికి బయలుదేరరాదు.