ఒక్క శనివారం ఇయ్యుండ్రి

మాదాపూర్‌ల శిల్పారామం 1992 నాటిది. సైబర్ టవర్స్ తెరిచింది 1998ల. అద్దాల మేడలకన్నా ముందు అక్కడ కళలకు జాగ దొరికింది. మరి ఇయ్యాల? శిల్పకళావేదికల సినిమా ఫంక్షనంటే తోవ నిండిపోతది. మంచిదే, సినిమా మాకూ ఇష్టమే. కానీ ఒగ్గుకథ, చిందు యక్షగానం ఎప్పుడు గుర్తొస్తయి? పెద్దలకు స్వాగతం పలకనీకె పది నిమిషాలు!

గడ్డం సమ్మయ్యకు చిందు యక్షగానంల 2024ల పద్మశ్రీ వచ్చింది. శాలువ మర్యాదనే, ఆట బతుకు. తెల్లందాక ఆడే కథను పది నిమిషాలకు కోస్తే అది కథెట్లయితది?

నెలకొక్క శనివారం రాత్రి ఆ వేదిక చిందోళ్లకు, ఒగ్గోళ్లకు ఇయ్యాలె. టికెట్ పెట్టాలె, పైసలు కళాకారులకే పోవాలె. ఐటీ తమ్ముళ్లు, చెల్లెండ్లూ! కొలువిచ్చిన గడ్డ కథ ఒక్కరాత్రి వినుండ్రి. టికెట్ కొని మేమూ వస్తం.