చెరకూరు – చెక్కిళ్ళు

గోవాడ అనగానే మా వైపు వారికి స్ఫురించేది చెరకు. అక్కడి మా మేనకోడలు, పెళ్ళి కుదిరాక, బుగ్గలకు ఫిల్లర్ సూదులు వేయించుకోనా మామయ్యా అని అడిగింది.

ఆ సూదుల్లో తరచుగా వాడేది హయలురోనిక్ ఆమ్లం; అదీ ఒకరకం చక్కెరల గొలుసే. మన చర్మంలో సహజంగానే ఉంటుంది. వాపు, కమిలిన మచ్చలు కొద్ది రోజుల నుంచి రెండు వారాల వరకు ఉండవచ్చు. ఫలితం నిలిచేది సుమారు 6 నుంచి 18 నెలలు. నచ్చకపోతే హయలురోనిడేజ్ అనే ఎంజైముతో కరిగించవచ్చు. కానీ ఆ ఫిల్లర్ రక్తనాళంలోకి పోతే, అరుదుగానైనా, చర్మం చచ్చుబడవచ్చు, చూపే పోవచ్చు.

కనుక బ్యూటీ పార్లరు వద్దు. కరిగించే మందు చేతికందేలా ఉంచుకునే చర్మవైద్యుని వద్దకే, అదీ ముహూర్తానికి నెల ముందే వెళ్ళమన్నాను. ముఖం ఆమెది, వద్దనే హక్కు నాకు లేదు.

అయితే ఒక్క సందేహం. బుగ్గలు లోతుగా ఉన్నాయన్నది అద్దమా, పెళ్ళివారా? పెళ్ళివారే అయితే, సూది కావలసినది ఆమె బుగ్గకు కాదు, ఆ నోటికి.