మంచె దగ్గరి అభిసారిక



"మొక్కజొన్న తోటలో" పాటను జానపదమని చెప్పేవారు నేటికీ కనిపిస్తారు. అది కొనకళ్ళ వెంకటరత్నం గారు వ్రాసిన గేయం. దానిని ఊరూరా చేర్చినవి వింజమూరి సోదరీమణులు అనసూయ, సీత గార్ల గొంతులు. పాట జనం సొత్తు కావడం కవికి గౌరవమే గాని, ఆయన పేరు మరుగున పడటం మనకు గౌరవం కాదు.

ఈ పాట ఇంతకాలం నిలవడానికి బాణీలోని హాయి ఒక్కటే కారణమని నేననుకోను. పల్లవిలోనే ఒక పల్లెపడుచు చోటు, వేళ, గురుతు మూడూ తానే నిర్ణయించి ప్రియుణ్ణి రమ్మంటుంది. దశరూపకంలో ధనంజయుడు అభిసారికా లక్షణం చెబుతూ, ప్రియుని వద్దకు వెళ్ళే నాయికనే కాక, అతణ్ణి తన వద్దకు రప్పించుకొనే నాయికను కూడా చేర్చాడు. మనకు మొదటి ఆమెతోనే పరిచయం ఎక్కువ. రెండవ ఆమె ఈ తోటలో ఉన్నది.

ఆ లక్షణాన్ని కంఠస్థం చేసిన నాకే ఈ సంగతి ఆలస్యంగా తట్టింది. 1988లో మా కుందుర్పి ప్రాంతంలో నేను పనిచేసిన పాఠశాల వార్షికోత్సవానికి ఇద్దరు బాలికలు ఈ పాట పాడతామన్నారు. ఆడపిల్లలు పాడదగినది కాదన్నాను. "మీరు చదివి వినిపించిన వరూధిని పద్యాల్లో ఇంతకంటే ఎక్కువే ఉండాది కదా సార్" అన్నది అందులో ఒకతె. జవాబు లేక కోప్పడి పంపాను. బదులుగా "జయ జయ జయ ప్రియభారత" పాడించాను. కృష్ణశాస్త్రి గారి ఆ గీతానికి స్వరం కూర్చినది కూడా ఆ అనసూయ గారేనని అప్పటికి నాకు తెలియదు. పండితుడు వ్రాసిన శృంగారం పాఠమైంది. పిల్లలు కోరుకున్న శృంగారం తప్పైంది. ఆ భేదం కల్పించినవాణ్ణి నేను.

1969లో "అదృష్టవంతులు" చిత్రంలో సుశీల గారు దీనిని ఎంతో అందంగా పాడారు. అయినా నా మనసు అక్కచెల్లెళ్ళ పాట వైపే మొగ్గుతుంది. ఒక్క గొంతులో అది ప్రియునికి పిలుపు. రెండు గొంతుల్లో చెలికత్తెల మధ్య మాట కూడా అవుతుంది. ఒకరి కోరికకు మరొకరు తోడు నిలుస్తారు. ఆ బాలికలు ఇద్దరుగా వచ్చి అడగడంలోని అర్థం అదే కాబోలు.

మా వైపు మొక్కజొన్న తోటలు అరుదు. శెనక్కాయ పైరు పెరిగి జొన్న, సజ్జ చేలు తగ్గాక పిట్టలను తోలే మంచెలూ తగ్గాయి. అయినా ఆ పాట ఇక్కడివారికీ అర్థమవుతుంది. ఆడపిల్ల తన మాట తానే చెప్పుకోవాలనుకోవడానికి ఫలానా పైరే ఉండాలని లేదు కదా!

అనసూయ గారు 2019లో హ్యూస్టన్‌లో కన్నుమూశారు. ఆ ఇద్దరు బాలికలు ఇప్పుడు ఎక్కడున్నారో గాని, వారికి నేనొక పాట బాకీ. మీరు ఈ పాటను మొదట ఎవరి నోట విన్నారో వ్రాయండి.