మెడ స్కాన్‌ మన జిల్లాలోనే చేయలేరా?

బెంగళూరు: మూతి వంకరపోయి, మాట తడబడి గంటలోనే సర్దుకుంటే ‘తగ్గిపోయిందిలే’ అని ఊరుకునేవారే ఎక్కువ. అసలు ముప్పు అక్కడే. మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ నాళం ఎంత పూడిందో డాప్లర్‌ స్కాన్‌ చెబుతుంది. 70 శాతం మించితే రెండు వారాల్లోగా ఆపరేషన్‌ చేయిస్తే పెద్ద పక్షవాతం తప్పే వీలుంది. కాలూచేయీ పడిపోయిన వేళ మాత్రం సీటీ స్కానే దిక్కు. గడ్డ కరిగించే సూదికి గడువు నాలుగున్నర గంటలే.

2022లో నిమ్హాన్స్‌ తోడుగా కర్ణాటక మొదలుపెట్టిన మెదడు ఆరోగ్య పథకం కోలారు, చిక్కబళ్లాపుర జిల్లా ఆస్పత్రులకు చేరింది. లింగ నిర్ధారణ నిరోధక చట్టం ఉండగా స్కానింగ్‌ మిషన్లను ఇష్టమొచ్చినట్లు ఊరూరా తిప్పడం కుదరదు. కాబట్టి మెడ స్కాన్‌ నేర్చిన మనిషి జిల్లా ఆస్పత్రిలోనే ఉండాలి. లేదంటే ఆ రెండు వారాలూ బెంగళూరు బస్సుల్లో, క్యూల్లోనే కరిగిపోతాయి.